నా బీటెక్ ఫీజు ఒక రొయ్యల గుంట కట్టింది

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. ప్రతిసారీ ఎక్కడో రాజుల కథో, యుద్ధాల కథో చెప్తుంటాను కదా, ఈసారి మా ఇంటి కథ. కానీ ఇందులో ఢిల్లీ ఉంది, సుప్రీం కోర్టు ఉంది, స్టాక్‌హోమ్ ఉంది, తైవాన్ కూడా ఉంది. అన్నీ తిరిగి తిరిగి మా జేజి ఇంటి వెనకున్న ఒక బావి దగ్గర ఆగుతాయి.

మాది చిల్లకూరు మండలం. గూడూరు పక్కనే. చెన్నై నుంచి నెల్లూరు వెళ్ళే హైవే మీద గూడూరు దాటినోళ్ళకి తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. మా నాయన మాత్రం ఎవరడిగినా ఇప్పటికీ "నెల్లూరు" అనే చెప్తాడు. చిల్లకూరు ఊరు హైవే దగ్గరే ఉంటుంది, కానీ మండలం తూర్పుకి పోయేకొద్దీ ఇసుక నేలలు, ఉప్పుటేర్లు, బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత సముద్రం. మా జేజి ఊరు ఆ తూర్పు వైపు. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ ఇప్పటికీ గుంటలు వేసేవాళ్ళు మా బంధువులే.

పోయిన నెల ఒక కాలేజీలో మాట్లాడటానికి వెళ్తే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పేద దేశానికి ముందు ఉద్యోగాలు కావాలి కదా, పర్యావరణం అంతా డబ్బున్నోళ్ళ టైంపాస్ కాదా?" నేను అక్కడ ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకి సమాధానం నేనే. నా బీటెక్ ఫీజు కట్టింది రొయ్యల గుంట. మా జేజి బావి పాడైంది కూడా రొయ్యల గుంటల వల్లే.

సరే, మొదటి నుంచి చెప్తాను.

1972 జూన్. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి మొదటి పెద్ద సమావేశం. ఆతిథ్య దేశ ప్రధాని ఓలోఫ్ పామే కాకుండా అక్కడికి వచ్చిన ప్రధాని ఒక్కరే, ఇందిరా గాంధీ. జూన్ 14న ఆమె చేసిన ప్రసంగాన్ని ఇప్పటికీ అందరూ "పేదరికమే అతి పెద్ద కాలుష్యం" అని ఒక్క లైనులో ఫార్వర్డ్ చేస్తుంటారు. నిజానికి ఆమె దాన్ని ప్రశ్నగా అడిగారు. అడవి పక్కన బతికే మనిషికి తిండీ పనీ చూపించకుండా అడవి జోలికి పోవద్దని ఎలా చెప్తాం అన్నది ఆమె పాయింట్. అంటే పర్యావరణం వదిలెయ్యమని ఆమె అనలేదు, పేదవాడిని వదిలేసి పర్యావరణాన్ని కాపాడలేరని అన్నారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడొక విచిత్రం చూడండి. అదే 1972లో, ఆగస్టులో, మన దేశంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ మొదలైంది. ఎంపెడా అంటాం కదా, అదే. మన రొయ్య విదేశాలకి పోవాలి, డాలర్లు రావాలి. ఒకే ఏడాది, రెండు నెలల తేడాతో, ఒకవైపు పర్యావరణం మాట, ఇంకోవైపు ఎగుమతి మాట. ఈ రెండు దారులూ ఎక్కడో ఒకచోట కొట్టుకోవాలి. కొట్టుకున్న చోట్లలో మా తీరం ఒకటి.

1980ల దాకా మా వైపు రొయ్య అంటే ఉప్పుటేట్లో వల వేసి పట్టేదే. పొలాల్లో వరి. నెల్లూరు మొలగొలుకులు పేరు వినే ఉంటారు. తర్వాత తైవాన్‌లో ఒక టెక్నాలజీ పక్కాగా కుదిరింది. హేచరీలో టైగర్ రొయ్య పిల్లని పుట్టించడం, గుంటలో దగ్గర దగ్గరగా వదలడం, బస్తాల మేత వెయ్యడం, ఏరియేటర్లతో నీళ్ళలోకి గాలి కొట్టడం. నాలుగైదు నెలల్లో పంట. జపాన్ కొంటుంది, అమెరికా కొంటుంది.

1991లో మన దేశం దగ్గర డాలర్లు అయిపోయాయి. బంగారం విదేశాలకి పంపి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం జూలైలో రూపాయి విలువ తగ్గించింది. రూపాయి తగ్గితే ఎగుమతి చేసేవాడికి లాభం. అప్పుడు టైగర్ రొయ్యకి వచ్చిన డిమాండ్ మామూలుది కాదు. ఎప్పుడూ సముద్రం చూడని కంపెనీలు కూడా షేర్లు అమ్మి, ఆ డబ్బుతో మా తీరానికి వచ్చేశాయి. కండలేరు క్రీక్ రెండు వైపులా గుంటలే గుంటలు. నెల్లూరుకి రొయ్యల రాజధాని అని పేరొచ్చింది.

అదే 1991లో, ఫిబ్రవరి 19న, కేంద్రం ఇంకో నోటిఫికేషన్ ఇచ్చింది. కోస్టల్ రెగ్యులేషన్ జోన్, సీఆర్‌జెడ్ అంటారు. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని రూల్స్. మా ఊళ్ళో అప్పుడు ఆ నోటిఫికేషన్ సంగతి తెలిసినోళ్ళు ఎవరూ లేరు. రొయ్య రేటు మాత్రం అందరికీ తెలుసు.

1993లో మా నాయన క్రీక్ దగ్గరున్న మూడెకరాలు ఒక కంపెనీకి కౌలుకిచ్చాడు. పేరు వద్దు. వరి వేస్తే మిగిలేదానికంటే చాలా ఎక్కువ కౌలు. ఎవరైనా ఇస్తారు. నేనున్నా ఇచ్చేవాడినే. ఆ డబ్బుతోనే మాకు పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చింది.

ఏడాది తిరిగేసరికి మా జేజి బావిలో నీళ్ళు ఉప్పగా మారాయి.

ఎందుకు మారాయో నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశాక గానీ చదువుకోలేదు. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, సైన్స్ సింపుల్‌గా చెప్తా. తీరం ఇసుకలో అడుగున ఉప్పునీళ్ళు ఉంటాయి. పైన పడిన వాన నీళ్ళు తేలిక కాబట్టి ఆ ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి, నీళ్ళ మీద నూనెలాగా. మన బావిలోకి వచ్చేవి ఆ పై పొర నీళ్ళే. డచ్ ఇంజనీరు ఘైబెన్, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ అని ఇద్దరు వందేళ్ళ కిందటే దీనికి లెక్క చెప్పారు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళు ఉంటే, కింద సుమారు 40 అడుగుల మంచినీళ్ళు నిలబడతాయి. తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు తోడేస్తే, కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది.

ఇప్పుడు గుంట దగ్గరికి రండి. ఎండాకాలంలో గుంటలో ఉప్పు ఎక్కువైతే రొయ్య పెరగదు. అందుకని బోర్ వేసి మంచినీళ్ళు తోడి కలుపుతారు. అంటే కింద నుంచి ఉప్పు పైకొస్తుంది. పైన గుంటలో ఉన్న ఉప్పునీళ్ళు ఇసుకలోంచి కిందికి ఇంకుతాయి. మధ్యలో ఇరుక్కున్నది మా జేజి బావి. తైవాన్‌లో పింగ్‌టుంగ్ తీరంలో ఇలాగే తోడీ తోడీ నేలే కుంగిపోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. నెల్లూరు జిల్లాలోనే కుర్రు అనే మత్స్యకార గ్రామంలో దాదాపు 600 మందికి తాగే నీళ్ళు లేకుండా పోయాయని ఆ రోజుల నివేదికల్లో ఉంది. ఆడవాళ్ళు గొడవ చేశాక ట్యాంకర్లు వచ్చాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. గొడవ చేసింది ఆడవాళ్ళు. ఎందుకంటే కౌలు డబ్బు మగవాళ్ళ చేతికి వస్తుంది, బిందె ఆడవాళ్ళ నడుము మీద ఉంటుంది. మా ఇంట్లో కూడా అంతే. మిద్దె నాయనకొచ్చింది, నీళ్ళ మోత జేజికొచ్చింది.

ఇంతలో 1994 చివర్లో వైట్ స్పాట్ దిగింది. తెల్ల మచ్చల వైరస్. పొద్దున బాగున్న రొయ్య రెండు మూడు రోజుల్లో ఒడ్డున తేలుతుంది. ఇది ఎందుకంత వేగంగా పాకిందో తెలుసా? అందరం నీళ్ళు తోడుకునేది అదే క్రీక్ నుంచి, మురుగు వదిలేదీ అదే క్రీక్‌లోకి. నా గుంట మురుగే నీ గుంటకి మంచినీళ్ళు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, అందరం పాస్‌వర్డ్ లేని ఒకే సర్వర్ మీద కూర్చున్నాం. తైవాన్‌లో 1988కే రొయ్యల సాగు రోగాలతో కూలిపోయింది. మనం అక్కడి టెక్నాలజీ తెచ్చుకున్నాం, అక్కడి అనుభవం తెచ్చుకోలేదు.

పెద్ద కంపెనీలు మూటాముల్లె సర్దుకుని పోయాయి. మా మూడెకరాలు మాకు తిరిగొచ్చాయి, ఉప్పుతో సహా. నాయన వరి వేశాడు. మొలక ఎర్రబడి చచ్చిపోయింది. అప్పు చేసి తనే టైగర్ వేశాడు. అదీ పోయింది. నేను పుట్టేసరికి మా ఇంట్లో ఉన్నవి మిద్దె, అప్పు, ఉప్పు.

ఇప్పుడు కోర్టు దగ్గరికి వెళ్దాం. తమిళనాడులో ఎస్. జగన్నాథన్ అని ఒక గాంధేయవాది. ఆయన, ఆయన భార్య కృష్ణమ్మాళ్ జీవితమంతా భూమి లేని దళిత కూలీలకి భూమి ఇప్పించడం కోసం పనిచేసినవాళ్ళు. తంజావూరు వైపు వరి పొలాలు రొయ్యల గుంటలైపోతుంటే, 1994లో ఆయన సుప్రీం కోర్టుకి వెళ్ళారు. లాయర్ ఎం.సి. మెహతా. కేసులో తీరం ఉన్న రాష్ట్రాలన్నీ వచ్చాయి, మన ఆంధ్ర కూడా. కోర్టు నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థని తీరానికి పంపి చూసి రమ్మంది. నీరి లెక్క ప్రకారం ఆంధ్రలో రొయ్యల సాగు తెచ్చే ఆదాయం కంటే అది చేసే నష్టం దాదాపు 4 రెట్లు. పరిశ్రమ వాళ్ళు ఆ లెక్కని ఒప్పుకోలేదు. ఇలాంటి లెక్కలో వాదన ఉండటం సహజమే, బావి నీళ్ళకి రేటు ఎవరు కడతారు? కానీ అసలు బావి నీళ్ళని కూడా ఖర్చు కింద రాయాలి అని ఒక ప్రభుత్వ సంస్థ పెన్ను పట్టుకుని రాసింది. నాకు అది పెద్ద విషయంగా అనిపిస్తుంది.

1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్. సీఆర్‌జెడ్ లోపల ఉన్న గుంటల్లో సంప్రదాయ పద్ధతివి, కొంచెం మెరుగుపరిచిన సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతావన్నీ 1997 మార్చి 31 లోపు తీసెయ్యాలి. పులికాట్, చిలికా సరస్సులకి 1000 మీటర్ల లోపల గుంట ఉండకూడదు. వ్యవసాయ భూముల్ని, ఉప్పు మడుల్ని, మడ అడవుల్ని, ఊరి ఉమ్మడి భూముల్ని గుంటలుగా మార్చకూడదు. కాలుష్యం చేసినవాడే పరిహారం కట్టాలి. పని పోయిన కూలీలకి ఆరేళ్ళ జీతం ఇవ్వాలి. దీనికి మూడున్నర నెలల ముందే, ఆగస్టు 28న, తమిళనాడు తోళ్ళ ఫ్యాక్టరీల కేసులో ఇదే కోర్టు ఈ "చేసినవాడే కట్టాలి" అన్న సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగం అని చెప్పేసింది.

చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకు మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది. ఫోన్ చేసి నాయనకి చదివి వినిపించాను. ఆయన అంతా విని ఒక్క మాట అన్నాడు. "గుంటలు పూడ్చమన్నారు, బాగానే ఉంది. పూడిస్తే ఆ నేలలో వరి పండుద్దా అని ఎవురన్నా అడిగినారా?"

నా దగ్గర సమాధానం లేదు.

నిజంగా ఏం జరిగిందంటే, దాదాపు ఏమీ జరగలేదు. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, కూల్చడం ఆగింది. చివరికి 2005లో పార్లమెంట్ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. ఆఫీసు చెన్నైలో. ప్రతి గుంటా రిజిస్టర్ చెయ్యాలి, కొత్తగా వేసేవాళ్ళు పోటు గీతకి 200 మీటర్ల లోపల వెయ్యకూడదు లాంటి రూల్స్ వచ్చాయి. అసలు ట్విస్ట్ వేరే ఉంది. 1991 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ రొయ్యల సాగుకి వర్తించదు అని ఆ చట్టంలో ఒక క్లాజ్ పెట్టారు. ఎప్పటి నుంచి? 1991 ఫిబ్రవరి 19 నుంచే అన్నట్టుగా. మన భాషలో బ్యాక్‌డేటెడ్ కమిట్. పాత తేదీ వేసి కోడ్ మార్చేశారు, ఎర్రర్ మాయమైపోయింది. బావి మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ పార్లమెంట్‌ని తిట్టి వీడియో ముగించడం తేలిక. కానీ అప్పటికి గుంటలు ఎవరివి? పెద్ద కంపెనీలు ఎప్పుడో పోయాయి. మిగిలినవాళ్ళు మా నాయన లాంటివాళ్ళు, ఒకటి రెండెకరాల వాళ్ళు. తీర్పు కంపెనీలని చూసి రాసింది. అమలు చేసే సమయానికి కత్తి కింద ఉన్నది చిన్న రైతు మెడ. పేద దేశాల్లో పర్యావరణ చట్టాలకి చాలాసార్లు ఇదే గతి పడుతుంది. పాడు చేసినవాడు లాభం తీసుకుని వెళ్ళిపోతాడు, చట్టం వచ్చేసరికి అక్కడ మిగిలినవాడు దొరుకుతాడు.

2009లో వనామీ వచ్చింది. విదేశీ రొయ్య, రోగం లేని తల్లి రొయ్యల్ని పరీక్ష చేసి దిగుమతి చేసుకునే పద్ధతి. ఎక్కువ వదలొచ్చు, త్వరగా పెరుగుతుంది. ఆంధ్ర మళ్ళీ దేశంలో నంబర్ వన్ అయింది. నాయన 2011లో మళ్ళీ గుంట నింపాడు. 2014 నుంచి 2018 దాకా నా నాలుగేళ్ళ ఫీజు, హాస్టల్, లాప్‌టాప్ అన్నీ ఆ గుంటవే. నేను క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో సెలెక్ట్ అయిన రోజు నాయన గుంట గట్టు మీద ఉన్నాడు, పట్టుబడి జరుగుతోంది, 50 కౌంట్ వచ్చింది. కిలోకి 50 రొయ్యలన్నమాట, మంచి సైజు. ఫోన్‌లో ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే "రొయ్యల సాగు మొత్తం పాపం" అని నేను చెప్పలేను. చెప్తే అబద్ధమవుతుంది.

కానీ ఇంకో నిజం కూడా చెప్పాలి. మా గుంట రొయ్యని యూరప్‌కో అమెరికాకో పంపాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. యాంటీబయాటిక్ ఛాయలు కనిపిస్తే సరుకు వెనక్కి. వాళ్ళ ప్లేట్లోకి వచ్చేదాని మీద వాళ్ళకి అంత పట్టు ఉంది. అదే గుంట పక్కన మా జేజి బావి నీళ్ళని ఎవరూ పరీక్ష చెయ్యడం నేను ఇంతవరకు చూడలేదు. రొయ్యకి ఉన్న పాస్‌పోర్ట్ మనిషికి లేదు.

"ముందు డబ్బు సంపాదిద్దాం, తర్వాత శుభ్రం చేద్దాం" అనే వాదన ఉంది కదా, దానికి ఆర్థికశాస్త్రంలో ఒక బొమ్మ కూడా ఉంది. ఎన్విరాన్‌మెంటల్ కుజ్నెట్స్ కర్వ్ అంటారు. 1990ల మొదట్లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరి పరిశోధనతో ఫేమస్ అయింది. దేశం సంపాదన పెరిగేకొద్దీ కాలుష్యం ముందు పెరిగి, తర్వాత తగ్గుతుందని. కొన్ని రకాల గాలి కాలుష్యానికి అది కొంతవరకు సరిపోయింది కూడా. చిమ్నీకి ఫిల్టర్ పెడితే పొగ తగ్గుతుంది. కానీ ఉప్పెక్కిన బావికి ఏ ఫిల్టర్ పెడతాం? మా ఊళ్ళో ఇప్పుడు అందరూ క్యాన్ నీళ్ళు కొంటున్నారు. ఒకప్పుడు ఉచితంగా దొరికినదాన్ని కొనుక్కుంటుంటే, ఆ అమ్మకం కూడా జీడీపీలో అభివృద్ధిగానే లెక్కకొస్తుంది. మనం టెక్నికల్ డెట్ అంటాం కదా, ఇప్పుడు తొందరగా షిప్ చేసి తర్వాత సరిచేద్దాం అని. అక్కడ కనీసం అప్పు చేసినవాడే తర్వాత కూర్చుని రాత్రంతా సరిచేస్తాడు. ఇక్కడ అప్పు ఒకరిది, వడ్డీ ఇంకొకరిది.

కాబట్టి ఆ కాలేజీ తమ్ముడికి నా సమాధానం ఇది. పేద దేశంలో నీళ్ళు, మట్టి, క్రీక్ ఇవే పేదవాడి ఫిక్స్‌డ్ డిపాజిట్. డబ్బున్నోడికి అవి పోతే వేరే ఊరు పోతాడు, నేను చెన్నై పోయినట్టు. జేజి ఎక్కడికి పోతుంది? అభివృద్ధి కావాలా, పర్యావరణం కావాలా అని అడిగితే మనం చర్చలో గెలుస్తామో ఓడతామో గానీ, ఎవరికి మిద్దె వచ్చింది, ఎవరికి బిందె వచ్చింది అనే లెక్క బయటికి రాదు. అడగాల్సింది ఆ లెక్క.

ఇదంతా పాత కథ అనుకోకండి. మా మండలంలో ఇప్పటికే తమ్మినపట్నం వైపు థర్మల్ ప్లాంట్లు ఉన్నాయి, గాజుకి వాడే సిలికా ఇసుక తవ్వకాలు ఉన్నాయి. ఇప్పుడు కోట, చిల్లకూరు మండలాల్లో చెన్నై బెంగళూరు కారిడార్ కింద క్రిస్ సిటీ వస్తోంది. 2020 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ 2,139.44 కోట్ల అంచనాతో ఆమోదించింది, 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. నాకు అది రావాలనే ఉంది. నాతో చదివినోళ్ళు సగం మంది బెంగళూరులో పీజీ హాస్టళ్ళలో ఉన్నారు, వాళ్ళు ఇంటి దగ్గర పని చేసుకుంటే బాగుండు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతులు ఎలా వణికారో చూశాను. ఒకే పంట, ఒకే కొనుగోలుదారు మీద బతకడం ఎంత ప్రమాదమో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఈసారి బ్యాక్‌డేటెడ్ కమిట్ కాకుండా ముందే టెస్ట్ చేద్దాం. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. పారిశ్రామిక ఎస్టేట్ మొత్తానికి అనుమతి వచ్చేశాక, లోపల వచ్చే ఫ్యాక్టరీలకి విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా మినహాయింపు దొరకొచ్చు. అంటే ఎస్టేట్ కోసం పెట్టే ఆ ఒక్క మీటింగ్‌లో మాట్లాడకపోతే తర్వాత మైకు దొరక్కపోవచ్చు. మీ ఊరికి ఏ ప్రాజెక్ట్ వచ్చినా అక్కడ మూడే మూడు అడగండి. నీళ్ళు ఎక్కడి నుంచి తోడతారు? మురుగు ఎక్కడ వదులుతారు? కంపెనీ వెళ్ళిపోతే నేలని బాగు చేసే డబ్బు ఇప్పుడే ఎక్కడ డిపాజిట్ చేస్తున్నారు? 1993లో మా నాయన కౌలు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ మూడూ అడిగేవాళ్ళు లేరు.

ఈ వీడియో రికార్డ్ చేసే ముందు జేజికి ఫోన్ చేశాను. "నీ బావి గురించి చెప్తున్నానే, పర్లేదా" అన్నాను. ఆమె నవ్వి, "చెప్పుకో నాయనా. ఆ గుంట లేకపోతే నువ్వు ఇట్టా ఫోన్లో మాట్లాడతా ఉండేవోడివి కాదు. ఆ బాయి ఉండుంటే నేను రోజూ టాంకరు కోసరం చూస్తా ఉండేదాన్ని కాదు. రెండూ చెప్పు" అంది.

రెండూ చెప్పాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.